వాసాలో ఆరేళ్ళు

"నాకింకా ఎన్నాళ్ళుందో ఈ పిల్లనడుగు," అంది బ్లియా ముసలమ్మ, మంచం పక్కన నిలబడ్డ నర్సుని గడ్డంతో చూపిస్తూ.

పాహువా అడిగింది. మాట మార్చకుండా, మెత్తబరచకుండా, ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అడిగింది. నర్సు కర్స్టెన్ నవ్వింది. జవాబు ఎగ్గొట్టేవాళ్ళు నవ్వే నవ్వు అది. పాహువాకి సంగతి వెంటనే తెలిసిపోయింది.

"ముందు నొప్పి ఎలా ఉందో కనుక్కుందామా?" అంది కర్స్టెన్.

"ఆమె నొప్పి సంగతి అడగలేదు. ఎన్నాళ్ళని అడిగింది."

కర్స్టెన్ పాహువాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది, ముసలమ్మకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదని తెలిసి కూడా. "హ్మోంగ్ పెద్దల ముందు చావు మాట ఎత్తకూడదు కదా. పెద్దకొడుకుతోనే మాట్లాడాలి. ఆయనకి నిన్ననే చెప్పేశాను. వారం, మహా అయితే పది రోజులు. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను," అని, మెచ్చుకోలుగా భుజం తట్టి, "నువ్వు రాసిన పేజీయే కదా," అంది.

నర్సు తప్పేం చేయలేదు. నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పింది. నేర్పింది తను. కోపం తన్నుకొస్తోంది గాని, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

మంచం మీంచి బ్లియా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమందే?"

"మందు మోతాదు మారుస్తుందట, అత్తా," అంది పాహువా.

ముసలమ్మ నమ్మలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

పాహువా చేసే ఉద్యోగాన్ని డూలా అంటారు. సూది గుచ్చదు, మందు కలపదు. పోయేవాళ్ళ పక్కన కూర్చుంటుంది, వాళ్ళకి కావలసిందేమిటో కనుక్కుంటుంది, అది జరగడానికి ఇంట్లోవాళ్ళతో పోట్లాడాల్సి వస్తే పోట్లాడుతుంది. అమెరికాలోని సెయింట్ పాల్‌కి ఇన్ని దేశాలవాళ్ళు వచ్చి పడ్డాక ఒకరి చావు మర్యాద ఇంకొకరికి అర్థం కాక, పాహువా పనిచేసే సంస్థ ఓ నీలం అట్ట పుస్తకం తయారు చేయించింది. సోమాలీలకి ఒక పేజీ, బర్మా నుంచి వచ్చిన కరెన్‌లకి ఒకటి, మెక్సికోవాళ్ళకి ఒకటి, అసలీ నేల ఎవరిదో ఆ ఓజిబ్వేలకీ ఒకే ఒక్క పేజీ. లావోస్ కొండల నుంచి వచ్చిన తమ హ్మోంగ్‌వాళ్ళ పేజీ పాహువా రాసింది.

అదీ కోపంతో రాసిందే. అంతకు ముందు ఏడాది ఆసుపత్రిలో ఓ కుర్ర డాక్టరు పాహువా నాన్న మొహమ్మీదే "మీకు రెండు వారాలుంది" అనేశాడు. అలా పైకి అనడమంటే చావుని పేరు పెట్టి పిలవడమే. హ్మోంగ్‌వాళ్ళు ఆ మాట అనాల్సి వస్తే "నూట ఇరవై ఏళ్ళ తర్వాత" అంటారు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఆ తర్వాత అన్నం ముట్టలేదు, తొమ్మిదో రోజున పోయాడు. ఆ మంటలో పాహువా ఏడు సూచనలు రాసింది. మొదటిది: హ్మోంగ్ పెద్దల ముందు చావు ప్రస్తావన తేవద్దు, పెద్దకొడుకుతో మాట్లాడండి. సంస్థవాళ్ళు చప్పట్లు కొట్టి, దానికి ప్లాస్టిక్కు తొడుగు వేయించి మరీ పెట్టుకున్నారు.

ఇప్పుడా తొడుగు వేసిన కాగితమే బ్లియా నోటికి అడ్డం పడింది.

ఎందుకంటే ముసలమ్మకి తన రోజులు తెలియాలి. ఊరికే కాదు. మనిషి పోయాక పాటగాడు వచ్చి దారిపాట పాడతాడు. పోయిన మనిషిని చివరి ఇంటి నుంచి వెనక్కి, బతికిన ప్రతి ఊరి మీదుగా, పుట్టినప్పుడు మాయ పాతిపెట్టిన చోటిదాకా నడిపిస్తాడు. ప్రతి ఊళ్ళోనూ ఆగి, అక్కడ తాగిన నీళ్ళకీ కాల్చుకున్న కట్టెలకీ ఆ నేలకి దండం పెట్టించి ముందుకి తీసుకెళతాడు. ఒక్క ఊరు తప్పిపోయినా మనిషి అక్కడే చిక్కుకుపోతుంది. ఊళ్ళ వరస చెప్పాల్సింది ఆ మనిషే. కానీ రోజులు దగ్గర పడకుండా చెబితే కోరి పిలుచుకున్నట్టవుతుంది. దగ్గర పడ్డాయో లేదో చెప్పేవాళ్ళేమో మందు మోతాదుల గురించి మాట్లాడుతున్నారు.

బ్లియా పుట్టింటివాళ్ళు వాంగ్ వంశం. పాహువావాళ్ళూ వాంగ్‌లే. వరసకి మేనత్త. మెట్టింటివాళ్ళు థావ్‌లు. కొడుకు యెంగ్ బావ వరస. చిన్నప్పుడు ఇద్దరికీ ముడిపెట్టేద్దామని పెద్దవాళ్ళు అనుకునేవారు. ఆ గండం తప్పినందుకు పాహువా ఇప్పటికీ దేవుళ్ళందరికీ దండం పెట్టుకుంటుంది.

నర్సు వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళింది. యెంగ్ పొయ్యి దగ్గర నిలబడి అమ్మకోసం ఆవాకు ఉడికిస్తున్నాడు. నలభై మూడేళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, థావ్ పెద్దల్లో రేపో మాపో కుర్చీ దొరకబోయేవాడు. అమ్మకి చేయాల్సిన సేవలో లోపం పెట్టడు. అది పాహువా కూడా ఒప్పుకుంటుంది.

"బావా, అత్త ఊళ్ళ వరస చెప్పాలనుకుంటోంది. రోజులెన్నో చెప్పేయ్."

"చెప్పకూడదని నువ్వే రాశావటగా."

"అడగనివాళ్ళకి చెప్పకూడదని రాశాను. అడిగినవాళ్ళకి దాచమనలేదు."

"ఆ సంగతి రాశావా మరి?"

రాయలేదు. పాహువా పళ్ళు నూరుకుంది.

"అయినా వరస గురించి నీకెందుకు బెంగ," అన్నాడు యెంగ్, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీస్తూ. "అంతా సిద్ధం చేశాను. పాటగాడు చెర్‌పావ్ మామకి ఇచ్చేయడమే తరవాయి."

పాహువా చదివింది. సెయింట్ పాల్, ముప్ఫై ఆరేళ్ళు. థాయ్‌లాండ్‌లో బాన్ వినై శరణార్థుల శిబిరం, ఎనిమిదేళ్ళు. మెకాంగ్ నది. లాంగ్ చెంగ్. ఆ తర్వాత లావోస్ కొండల్లో మూడు పల్లెలు. చక్కటి అక్షరాలు.

"వాసా ఏది?"

యెంగ్ గరిటె తిప్పాడు.

"నిన్నే బావా. వాసా ఏది?"

"అమ్మ అక్కడుండలేదు. చుట్టపు చూపుగా వెళ్ళొచ్చింది."

"ఆరేళ్ళు చుట్టపు చూపా? ఏ చుట్టమయ్యా అంత ఓపికున్నవాడు? మాకూ చూపించు, వెళ్ళి ఓ నాలుగేళ్ళు తినేసి వస్తాం."

"నెమ్మదిగా మాట్లాడు."

"ముప్ఫై ఆరని ఎంత తేలిగ్గా కలిపేశావు. సెయింట్ పాల్ నుంచి వెళ్ళి సెయింట్ పాల్‌కే వచ్చిందిగా, మధ్యలో ముక్క కోసేస్తే అతుకు కనపడదని."

యెంగ్ పొయ్యి ఆపాడు. "నాలుగొందల మంది వస్తారు పాహువా. పద్దెనిమిది వంశాల పెద్దలూ కూర్చుంటారు. వాళ్ళ ముందు మా అమ్మ మా నాన్నని వదిలేసి పోయిందని పాటగాడి చేత పాడించమంటావా?"

"వదిలేసి పోయేలా చేసిందెవరు?"

అందరికీ తెలిసిన సంగతే. యాభై ఎనిమిదేళ్ళ వయసులో వాళ్ళ నాన్న పాత ఊరు చూసొస్తానని లావోస్ వెళ్ళి, పంతొమ్మిదేళ్ళ పిల్లని పెళ్ళాడి, ఆ పెళ్ళి వీడియో పట్టుకొచ్చి హాల్లో అందరి ముందూ వేశాడు. బ్లియా సగం చూసి లేచి, అన్నం కుక్కరు తీగ పీకేసి, ఒక్క సంచీ తీసుకుని విస్కాన్సిన్‌లోని వాసాకి బస్సెక్కింది. అప్పటికామెకి యాభై నాలుగు. మొగుడు చేసింది అందరికీ నోరూరించే కబురైంది. ఆమె చేసింది మాత్రం వంశానికి మచ్చయింది.

"ఆయన పోయాడు, వదిలెయ్," అన్నాడు యెంగ్. "నువ్వు నీ ఉద్యోగం చూసుకో. లేకపోతే నీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను. మా ఆచారాన్ని గౌరవించడం లేదని."

"చెయ్యి. నంబరు కావాలా?"

నిజంగానే చేశాడు.

మర్నాడు పొద్దున లారెల్ పిలిచింది. సంస్థలో ఇలాంటి గొడవలన్నీ చూసే మనిషి. బల్ల మీద నీలం పుస్తకం తెరిచి ఉంది, హ్మోంగ్ పేజీ దగ్గర. లారెల్ చాలా మెత్తగా మాట్లాడింది. మెత్తగా మాట్లాడేవాళ్ళతో పోట్లాడటం ఎంత కష్టమో పాహువాకి ఆ గదిలోనే తెలిసొచ్చింది.

"కుటుంబం నొచ్చుకుంది, పాహువా. మనం వాళ్ళ సంస్కృతిని గౌరవించాలి కదా."

"బ్లియా అడిగింది. తన నోటితో అడిగింది. ఆమె సంస్కృతి కాదా?"

"పెద్దకొడుకు నిర్ణయిస్తాడని ఇక్కడ స్పష్టంగా..."

"అది నేనే రాశాను. నాకు తెలుసు. తప్పు రాశాను."

లారెల్ జాలిగా చూసింది. "మీ నాన్నకి జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాశానని అప్పుడు నువ్వే చెప్పావు. అది తప్పెలా అవుతుంది? ఈ ఇంటికి ఇంకొకరిని పంపిస్తాను. నీకు కాస్త విశ్రాంతి అవసరం."

పాహువా మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆ పేజీ మీద పెట్టి బయటికొచ్చింది. నాన్న చావుని కూడా తీసుకుని తన మీదికే వాడారు. కాఫీ గదిలో సోమాలీ నర్సు ఇఫ్రా ఆమెని చూసి కుర్చీ లాగింది.

"పేజీయేనా?" అంది ఇఫ్రా.

"పేజీయే."

"మా పేజీ చదివావా ఎప్పుడైనా? మా మామయ్య రాశాడు. అది చదివితే సోమాలియాలో ఆడవాళ్ళే పుట్టరనుకుంటారు. పోయిన నెల ఓ ముసలావిడ, నా ఆడపిల్లల్ని నా దగ్గర కూర్చోనివ్వండి, మగవాళ్ళందర్నీ బయటికి పంపండి అంది. పేజీలో లేదన్నారు." ఇఫ్రా కప్పు కడిగి బోర్లించింది. "ఇప్పుడేం చేస్తావు?"

"వెళతాను."

"నిన్ను తీసేశారుగా."

"డూలాని తీసేశారు. మేనకోడల్ని ఎవడు తీస్తాడు?"

ఆ మధ్యాహ్నమే వెళ్ళింది. తలుపు తీసిన యెంగ్ పెళ్ళాం ఏమనాలో తోచక పక్కకి తప్పుకుంది. వాంగ్ ఇంటి పిల్ల తన మేనత్తని చూడటానికొస్తే థావ్‌లు గుమ్మంలో ఆపలేరు. యెంగ్ ఇంట్లో లేడు.

పాహువా మంచం పక్కన కూర్చుని ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. నాన్న గోడవైపు తిరగడం గుర్తొచ్చింది. భయం వేసింది. తను అంటే నిజంగానే పిలిచినట్టవుతుందేమో, రేపే పోతుందేమో అనిపించింది. అయినా అనేసింది.

"అత్తా. నిన్న నర్సు చెప్పింది మందు మోతాదు కాదు. వారం. మహా అయితే పది రోజులు."

బ్లియా కళ్ళు మూసుకుంది.

"నిన్న ఎందుకు చెప్పలేదే?" అంది ముసలమ్మ కళ్ళు తెరిచి. గొంతులో దుఃఖం లేదు, కారం ఉంది. "ఒక రోజు తినేశావు. నాకున్నవే పది. అందులో ఒకటి నువ్వు మింగావు."

"తప్పే అత్తా."

"మీ నాన్న అడగలేదు. వాడు పిరికివాడు, చిన్నప్పుడు కోడిని కోస్తుంటే కూడా పారిపోయేవాడు. వాడికి చెప్పకూడదు. నేను అడిగాను. అడిగినదానికీ అడగనివాడికీ ఒకే మందు పోస్తారటే?"

ఆ తిట్టు తిన్నాక పాహువాకి నిన్నట్నుంచి మొదటిసారి గుండె కాస్త తేలికైంది. కాగితం తీసింది.

బ్లియా చెబుతూ పోయింది. పల్లెల దగ్గర తొందరగా నడిచింది. నది దగ్గర ఆగింది, అక్కడ పోయిన ఇద్దరు పిల్లల పేర్లు చెప్పింది. శిబిరంలో వాళ్ళ గుడిసె ఎన్నో వరసో చెప్పింది. సెయింట్ పాల్ పాత ఇల్లు, థామస్ వీధిలో. ఆ తర్వాత వాసా. అక్కడికొచ్చేసరికి మోచేతుల మీద లేచి కూర్చుంది.

"రాయి. జర్మను ముసలామె ఇంట్లో మేడ మీద గది. అద్దె నా పేరు మీదే. జిన్‌సెంగ్ అని మందువేరు, దాని తోటలో పని. ఎండ తగలకుండా నల్ల గుడ్డ పందిరి కింద రోజంతా మోకాళ్ళ మీద పాకుతూ కలుపు తీసేదాన్ని. యాభై అయిదేళ్ళకి కారు నేర్చుకున్నాను. రెండుసార్లు తప్పాను, మూడోసారి ఇచ్చారు. ఉత్తరాల డబ్బా మీద నా పేరు. ఏ మగవాడి పేరూ లేదు. రాశావా?"

"రాశాను."

"ఆ ఆరేళ్ళూ నన్నెవరూ ఎక్కడికెళ్ళావని అడగలేదు. పొద్దున్నే లేచి నా కోసం నేను అన్నం వండుకునేదాన్ని." ముసలమ్మ ఊపిరి తీసుకుంది. "ఎందుకు తిరిగొచ్చానో తెలుసా?"

"మామయ్యకి పక్షవాతం వచ్చిందనిగా. నువ్వే కావాలని పెద్దలు బతిమాలారని."

"వాడికోసం నా చెప్పు కూడా రాదు." బ్లియా పక్కనున్న గిన్నెలో ఉమ్మేసింది. "వాసాలో మా తోటలో ఒకామె పోయింది. మొగుణ్ణి వదిలేసినదే. మెట్టింటివాళ్ళు మా మనిషి కాదన్నారు. పుట్టింటివాళ్ళు, పెళ్ళయి వెళ్ళిన పిల్ల, మా ఇంటి దేవతలు ఒప్పుకోరు అన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రి ఐసుపెట్టెలో పడుంది. పాట లేదు, డోలు లేదు. ఎవరో చర్చివాళ్ళు పూడ్చారు. అది చూసి భయపడ్డాను. నా దారిపాట కోసం వెనక్కొచ్చాను. వాడి ఒళ్ళు తుడిచాను, తిండి పెట్టాను, మూడేళ్ళు. నాకో చావు కావాలని. అర్థమైందా? ఇంత చేసి సంపాదించుకున్న పాటలో నా ఊరే లేకుండా చేస్తాడా వాడు?"

పాహువా కలం ఆగిపోయింది. తను మొగుణ్ణించి విడిపోయి ఏడేళ్ళు. తనకి పాట పాడేదెవరని ఎప్పుడూ ఆలోచించలేదు, ఆలోచించకుండా తప్పించుకుంది. బతికున్నప్పుడు ఇల్లు లేకుండా చేస్తారు, పోయేముందు ఇల్లుండేదనే మాట కూడా లేకుండా చేస్తారు.

సాయంత్రం యెంగ్ వచ్చాడు. పాహువాని చూసి మొహం మాడ్చుకున్నాడు. ఈలోగానే తల్లి పిలిచింది.

"ఇలా రా. నాకు పది రోజులట. నువ్వు చెప్పలేదు, ఇది చెప్పింది."

యెంగ్ గుడ్లురిమి పాహువావైపు చూశాడు.

"దాన్ని కాదు, నన్ను చూడు. ఇది రాసిన కాగితం తీసుకుని చెర్‌పావ్‌కి ఇయ్యి. నీ కాగితం చింపెయ్. వాసా తప్పించావంటే నేను వాసాలోనే ఉండిపోతాను. ఉండి ఊరుకోను, నీ పిల్లలకి జ్వరం వచ్చినప్పుడల్లా నేనే అనుకో."

"అమ్మా, అలాంటి మాటలనకు."

"సరేనను."

"సరేనమ్మా."

"నా చెయ్యి పట్టుకుని అను."

యెంగ్ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎముకలు తేలిన ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "సరేనమ్మా, వాసా పాడిస్తాను," అన్నాడు. ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు దొంగది కాదు. అందుకే పాహువా నమ్మింది.

బ్లియా ఆరో రోజు మధ్యాహ్నం పోయింది, పాహువా తల దువ్వుతుండగా.

పాహువా నమ్మింది గాని పూర్తిగా నమ్మలేదు. చెర్‌పావ్ ఇంటికి ఫోన్ చేసింది. కోడలు ఎత్తింది. "మామయ్య ఫోన్లో ఊళ్ళ వరస తీసుకోడక్కా. ఆడవాళ్ళ దగ్గరైతే అసలే తీసుకోడు. కొడుకు కాగితం ఇచ్చి వెళ్ళాడుగా, అందులో అన్నీ ఉన్నాయట," అంది.

అన్నీ ఉన్నాయంటే అదీ ఉన్నట్టేగా అని తనకి తనే నచ్చజెప్పుకుంది.

శుక్రవారం పొద్దున అంత్యక్రియలు జరిపే పెద్ద హాల్లో బ్లియాని పడుకోబెట్టారు. జనపనార బట్టలు, ఎక్కడా లోహం గుండీ లేదు, తలకట్టు చుట్టారు. వరండాలో వరసగా అన్నం కుక్కర్లు, పెద్ద పొయ్యి మీద పంది కూర. తలగడ పక్కన ఉడికించిన కోడి, కల్లు సీసా. హాలు నిండిపోయింది. ముందు వరసలో పెద్దలు, వెనక ఆడవాళ్ళు. యెంగ్ తల్లి పాదాల దగ్గర నిలబడ్డాడు.

చెర్‌పావ్ ఎనభై దగ్గరపడ్డ మనిషి. రెండుగా చీల్చిన వెదురు ముక్కలు చేతిలో పట్టుకుని, చావుకీ తనకీ మధ్య ఏ తొందరా లేదన్నట్టు నిదానంగా మొదలుపెట్టాడు. లే బ్లియా, మొహం కడుక్కో, నువ్వు పడుకున్న మంచానికి దండం పెట్టుకో, గుమ్మానికి దండం పెట్టుకో. సెయింట్ పాల్‌లో ముప్ఫై ఆరేళ్ళు నీళ్ళు తాగావు, ముప్ఫై ఆరేళ్ళు పొయ్యి వెలిగించావు, ఈ నేలకి దండం పెట్టుకో.

ముప్ఫై ఆరు.

చెర్‌పావ్ విన్నావా అని బ్లియాని అడుగుతూ వెదురు ముక్కలు విసిరాడు. అవి నేల మీద పడే తీరే ఆమె జవాబు. మొదటిసారికే సరిగ్గా పడ్డాయి. ఆమె ఒప్పుకుంది, అన్నారు పెద్దలు. యెంగ్ భుజాలు దిగాయి. వెదురు ముక్కలు కూడా కొడుకు పక్షమే. పాట శిబిరం వైపు మళ్ళింది.

పాహువా లేచి నిలబడింది.

"వాసా," అంది.

పాట ఆగింది. నాలుగొందల తలలు తిరిగాయి.

"కూర్చో," అన్నాడు యెంగ్ పళ్ళ బిగువున.

"ఆమె చెయ్యి పట్టుకుని సరేనన్నావు బావా. ఆ చెయ్యి అదిగో, అక్కడే ఉంది. వెళ్ళి మళ్ళీ పట్టుకుని చెప్పు, అబద్ధమాడానని."

"ఎవరే ఆ ఆడది?" అన్నాడు ముందు వరసలో ఒకాయన. "వాంగ్‌ల పిల్ల, మొగుణ్ణొదిలేసిందే," అని పక్కనున్నాయన అందించాడు. "ఇది ఆడవాళ్ళు నోరెత్తే చోటా?" అని ఇంకెవరో అన్నారు. పక్కనున్న ఆడవాళ్ళు పాహువా చీలమండ పట్టుకుని కిందికి లాగారు. ఆమె కాలు కదపలేదు.

"వాసా," అంది మళ్ళీ, ఈసారి ఇంకా గట్టిగా. "విస్కాన్సిన్‌లో. అత్త తన నోటితో చెప్పింది."

చెర్‌పావ్ వెనక్కి తిరగలేదు. బ్లియా మొహం మీంచి చూపు మరల్చకుండానే, "ఎన్నేళ్ళు?" అన్నాడు.

"మామా, ఆ మనిషి మాటలు పట్టించుకోకు, కాగితంలో..." అన్నాడు యెంగ్.

"నిన్నడగలేదు. పోయినామె వింటుండగా ఒక ఊరి పేరు పలికారు. ఇక నేను దాన్ని దాటి పాడలేను. నీ పరువు నీది, నా పాట నాది. ఎన్నేళ్ళమ్మాయ్?"

"ఆరు."

"ఏం పని?"

"జిన్‌సెంగ్ తోటలో కలుపు."

"ఎవరింట్లో ఉంది? ఆ నేలకి ఎవరిల్లని చెప్పను?"

హాలంతా ఆ జవాబుకోసం చూసింది. ఏ మొగుడి ఇల్లు, ఏ కొడుకు ఇల్లు, ఏ అన్నదమ్ముడి ఇల్లు. యెంగ్ తల దించుకున్నాడు.

"ఎవరింట్లోనూ కాదు," అంది పాహువా. "తన ఇంట్లో."

"ఇట్లాంటిది నేనెప్పుడూ పాడలేదు," అన్నాడు చెర్‌పావ్. వెదురు ముక్కలు ఏరుకున్నాడు. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. లే బ్లియా, మొహం కడుక్కో. మంచానికి దండం, గుమ్మానికి దండం. ఇప్పుడు బస్సెక్కు, వాసాలో దిగు. ఇది నీ ఇల్లు బ్లియా. నీ పొయ్యి. ఆరేళ్ళు నీ చేత్తో వెలిగించావు. దండం పెట్టుకో.

ముందు వరసలో ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. పాహువా చీలమండ మీది చేతులు ఎప్పుడు వదిలేశాయో ఆమెకి తెలియదు.

ఆమె కోపం మాత్రం తగ్గలేదు. పాట శిబిరం దాటి, నది దాటి, కొండలెక్కేదాకా, ఇంకే ఊరు ఎవరు మింగేస్తారోనని, అలా నిలబడే ఉంది.